నీళ్లు నిండేదాక ఒకటే పేరు

నావి కరెంటు షాకుకు అలవాటుపడ్డ చేతులు. మైక్ సెట్ పెట్టేటోని బతుకే అంత. వానల తడిసిన పందిరి కింద వైరు పట్టుకొని ఎగిరిపడ్డ రోజులున్నయి. ఎవరో తొందరపడి స్విచ్చేస్తే స్టూలు మీదికెళ్లి సక్కగ వినాయకుని పక్కన పడి, వచ్చినోళ్లంత నాకు కూడ దండం పెట్టిన రోజులున్నయి. అందుకే నాకు షాకు తగిలిందంటె మా ఇంట్ల ఎవరు పరేషాన్ కారు, అంప్లిఫయరు బాగనే ఉన్నదా అని అడుగుతరు. కానీ ఈ మధ్య తగిలినదానికి వైరు లేదు, ప్లగ్గు లేదు. ఒక ఆడపిల్ల చిక్కడపల్లిల నా దుకాణంలకొచ్చి, నేను తెప్పించిన చాయ్ సగం తాగి, కప్పు పక్కన పెట్టి, సన్నగ ఒక పేరు పాడింది. అంతే. నా చేతిలున్న టేపు చుట్ట కింద పడి బల్ల కిందికి దొర్లిపోయింది. ఇప్పటిదాక దాన్ని తీయలె.

ఆ పిల్ల పేరు నిఖిల. మాధవ్ బిడ్డ. మాధవ్ అంటె, చిన్నప్పుడు మేము కిరాయికున్న ఇంటి ఓనర్ల మనుమడు, నాకంటె ఐదారేండ్లు చిన్నోడు. వాళ్లమ్మ ప్రమీలమ్మను నేను వదినా అంటుంటి కాబట్టి వానికి నేను కాకనైన. వాడు పెద్ద చదువులు చదివి, పెద్ద ఆఫీసరు కొలువు చేసి, కారు దిగకుండ రిటైరైండు. నేను ఎనిమిదో తరగతిల హెడ్మాస్టరు దగ్గును ఆయన ముందరనే దగ్గి చూపించి, ఆ రోజు నుంచి బడికి సెలవు తీసుకున్న. ఇంక ఆ సెలవు అయిపోలె. అయినా నలుగుర్ల వాడు నన్ను కాకా అనవలసిందే. వరుసలు పెట్టినోడెవడో గాని చదువు రానోళ్ల మీద దయతోనే పెట్టిండు. ఆ లెక్కన నిఖిలకు నేను తాతను. ఆ పిల్ల ఎక్కడెక్కడనో సంగీతం చదువుకొని వచ్చి, నారాయణగూడల ఒక బృందానికి పాట నేర్పిస్తది, తనే కొత్తగ బాణీలు కడుతది.

ఒక ప్రోగ్రాం ఉన్నది తాతా, నలభై మంది పాడుతరు అన్నది. నలభై మంది అనంగనే నా లోపలి దుకాణదారుడు లేచి కూసున్నడు. ఎన్ని మైకులు కావాలె, ఎన్ని బాక్సులు కావాలె అని అడిగిన. ఒక్కటి కూడ వద్దన్నది. హార్మోనియంకన్న ఒకటి పెడదాం అన్న. హార్మోనియం లేదు. తబల లేదు. తంబూర లేదు, శ్రుతిపెట్టె కూడ లేదు. ఉత్త గొంతులే. నలభై మంది ఉత్త గొంతులతోని విష్ణు సహస్రనామం పాడుతరట, అందరు ఒకటే రాగం కాదట, కొందరు కింద, కొందరు నడుమ, కొందరు పైన, ఒకరి పేరు ఇంకొకరు అందుకునేటట్టు తను కట్టిందట. ఎకో లేకుండ పెండ్లిపత్రిక చదవనీకి కూడ ఒప్పుకోనోళ్లను చూసిన నేను, నోరు తెరిచిన.

"మరి నన్నెందుకు పిలుస్తున్నవు బిడ్డా? వైర్లు చుట్టనీకన్న లేవు గదా."

"విననీకి తాతా."

ఇన్నేండ్లల్ల నన్ను విననీకి పిలిచినోళ్లు లేరు. ఎంత పెద్ద గాయకుడొచ్చినా నేను బాక్సు వెనకనే కూసున్న. నాకు వినబడేది పాట కాదు, కీచుమంటదా కుయ్యిమంటదా అన్న భయం. ఇదే నాకు మొదటి షాకు. రెండోది అప్పుడే రాబట్టె. వెయ్యి పేర్ల నడుమ ఒక పేరు కాడ లొల్లి అయితున్నది అన్నది. ఆ పేరు కాడికి రాంగనే నలభై మందిల ఒక్కొక్క గొంతు ఆగిపోతదట, చివరికి ఒక్క గొంతే మిగిలి, ముందుకు పోకుండ ఆ పేరునే మళ్ల మళ్ల తిప్పుతదట, మిగిలినోళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చి కలిసేదాక. ఆ తిప్పుడు తీసెయ్యమని వాళ్ల నాన పట్టుబట్టిండట. ఇది నేను కల్పించింది కాదు తాతా, నానమ్మ ఇంట్ల చదివేటప్పుడు అక్కడ గట్లనే ఆగి తిప్పుతది, నేను పోయి పక్కన కూసున్నంకనే ముందుకు పోతది, మా ఇంటి పద్ధతి అనుకొని పెట్టిన. అదేం పద్ధతి అని నానమ్మను అడిగితే యాదగిరిని అడుగు అని నీ పేరే చెప్పింది అని, ఎట్ల తిప్పుతదో పాడి చూపించింది.

ఆ పేరేందో ఇక్కడ రాయను. రాస్తే మాధవ్ ఫోన్ చేసి ఒత్తులు దిద్దుతడు. కానీ ఆ పేరు చివర గొంతు చిన్నగ పైకి లేస్తది, నిండిన బిందెను సంకకెత్తుకునేటప్పుడు నడుము లేసినట్టు. అట్ల లేపేది లోకంల ఒక్కతే. మా అమ్మ. అమ్మ పోయి ఎన్నో ఏండ్లయింది. ఊరందరి పెండ్లిళ్లు, ఉపన్యాసాలు, ఆఖరికి పక్క గల్లీ లీడరు ఆవలింతలు కూడ క్యాసెట్లల్ల ఎక్కించిన నా దగ్గర, మా అమ్మ గొంతు ముక్క కూడ లేదు. అటువంటిది అమ్మను కండ్లతోని చూడని పిల్ల నోట్లకెళ్లి అది బయటికొచ్చింది.

ఆ ఇంటి గురించి చెప్పాలె. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందుల ఉండేది. నడుమల వాకిలి, చుట్టు అర్రలు, ఒక్కో అర్రకు ఒక్కో సంసారం. ముందట ఓనర్లు, వాళ్లది ఎర్ర గచ్చు, తుడిస్తే మొకం కనబడేది. వెనక రేకుల కింద మేము. మా నాయిన క్రాస్ రోడ్ల కాడ సినిమా హాలుల గేట్‌కీపరు. రెండో ఆట అయినంక వచ్చి పండుకుంటె పొద్దెక్కేదాక లేసేటోడు కాదు. ఆయన అంగీ జేబుల చింపిన టికెట్ ముక్కలు ఎప్పటికి ఉంటుండె. అమ్మ వాటితోనే పొట్టు పొయ్యి అంటించేది. మా ఇంట్ల చాయ్ ఎంత మంది హీరోల మీద కాగిందో లెక్క లేదు. ఆ పొట్టు పొగ, పక్క అర్రల గ్యాస్ నూనె పోసిన వత్తుల స్టవ్ వాసన, ఓనర్ల పూజ అర్రకెళ్లి వచ్చే ఊదుబత్తి వాసన, ఈ మూడు వాకిట్ల కలిసి ఒక నాలుగో వాసనయ్యేది. ఇప్పుడది ఎక్కడ దొరకదు. దొరికితే ఎవరో ఒకరు అపార్టుమెంటు గ్రూపుల ఫోటో పెట్టి కంప్లైంట్ ఇస్తరు.

ఓనర్లల్ల పెద్దమనిషి నర్సమ్మ పెద్దమ్మ, ప్రమీల వదిన అత్తగారు. మనిషి పిడికెడుండేది, మాట గంపెడుండేది. కొంగు మడతల నస్యం డబ్బి. పేర్లు చదువుకుంట చదువుకుంటనే రెండు వేళ్లతోని తీసి పీల్చేది, తుమ్ము వస్తే దాన్ని కూడ రెండు పేర్ల నడుమ ఎంత సక్కగ సర్దేదంటె, అది కూడ దేవుని పేరే అనుకొని నేను చాన్నాళ్లు దండం పెట్టుకున్న. శనివారం తెల్లారంగనే ఆమె ముందటి అర్రల సాపలు పరిపిస్తుండె. అన్ని అర్రల ఆడోళ్లు తలస్నానం చేసి, తడి జుట్టు కొసకు ముడేసుకొని, పసుపు మరకల పుస్తకాలు పట్టుకొని వచ్చేటోళ్లు. పుస్తకం లేంది మా అమ్మకే. అమ్మకు చదువు రాదు, రేషన్ దుకాణంల వేలిముద్ర. పొయ్యి ఎగదోసి అందరికంటె ఆఖరికి వచ్చి గడప పక్కన కూసునేది. అయినంక ఉడకబెట్టిన శనగ గుడాలు పంచేటోళ్లు, పోపుల మిరపకాయ ఎవరికొస్తే వాళ్లకు ఆ వారం అదృష్టమని పెద్దమ్మే ఒక శాస్త్రం పెట్టింది.

పెద్దమ్మ శాస్త్రాలల్ల అసలైనవి రెండు. పేర్లు మొదలుపెట్టినంక నడుమల తెగొద్దు. కూసున్నోళ్లకు ఒక్క పేరన్న తప్పిపోవద్దు. రెండు బాగనే ఉన్నయి, ఆ రెంటి మధ్యల నల్లా వచ్చేది. రోజుకొకసారి, పొద్దుగాల, దాని ఇష్టం. దేవుడు పిలిస్తే పలుకుతడో లేదో గాని, నల్లా పిలిచినప్పుడు మనం పలకకపోతే ఆ రోజు స్నానం లేదు. వాకిట్ల నల్లా ముందు బుస కొట్టేది, తర్వాత ముసలోని లెక్క దగ్గేది, తర్వాత ఎర్ర నీళ్లు కక్కేది, అప్పుడొచ్చేది అసలు నీళ్లు. ఆ మొదటి బుస వినబడంగనే సాపల మీద పుస్తకాలు కదిలేటివి. పక్క అర్ర ఆమె లేసేది, ఒక గొంతు తగ్గేది. తర్వాత మెట్ల కింది ఆమె, తర్వాత ప్రమీల వదిన, చివరికి మోకాళ్ల మీద చెయ్యి పెట్టి పెద్దమ్మ కూడ. అందరు బిందెలతోని వాకిట్లకొస్తే లోపల మిగిలేది మా అమ్మ ఒక్కతే. మా అర్ర బిందెలు పట్టుకొని లైనుల నిలబడే పని నాది గదా, అమ్మకు లేసే పని లేదు.

లైనుల నిలబడి వింటుంటి. అమ్మ ముందుకు పోయేది కాదు. అదే పేరు. మళ్ల అదే పేరు. అందరి బిందెలు నిండి, అందరు తిరిగి వచ్చి, చీర కుచ్చిళ్లు పిండుకొని కూసునేదాక అదే పేరు. పుస్తకం లేదు, చదువు రాదు, వెంబడి ఎవరు లేకపోతే తర్వాతి పేరు ఎక్కడికెళ్లి వస్తది అనుకున్న. ఆ రోజులల్ల గ్రామఫోను రికార్డు అరిగితే పిన్ను ఒకటే కాడ తిరిగేది. నాకు ముచ్చట దొరికింది. బిందె సంకల పెట్టుకొని, కండ్లు మూసుకొని, అమ్మ లెక్కనే ఆ పేరు చివర నడుము లేపుకుంట, సత్తెమ్మ రికార్డు అరిగింది, ఎవరన్న పోయి పిన్ను లేపుండ్రి అనేది నేను. ఆడోళ్లు నవ్వలేక నీళ్లొలకబోసుకునేటోళ్లు. పెద్దమ్మకు నవ్వుకు తుమ్ము, తుమ్ముకు నవ్వు. నా బతుకుల మొదటి స్టేజీ ఆ నల్లా గద్దె. చప్పట్లు లేవు, చేతులల్ల బిందెలుండె.

ఇంటికొచ్చినంక అమ్మను కూడ వదులుతుండలె. అమ్మ జొన్నరొట్టె తిప్పుకుంట కూసునేది, నేను పక్కకు పోయి అడుగుతుంటి.

"ఏందమ్మా, ఈ రోజన్న పిన్ను దాటిందా?"

"నీళ్లు నిండినయా?"

"నిండినయి."

"ఇగ దాటినట్టే తియ్."

అని నవ్వి, రొట్టె మీద నీళ్లు చిలకరించేది. ప్రతి శనివారం ఇదే. ఒక్కసారి కూడ మాట మార్చలె.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ అపార్టుమెంటు లేసింది. కింద సంపు, పైన ట్యాంకు, నడుమ మోటరు. నీళ్లు ఎప్పుడొస్తయో ఎవరికి తెల్వదు, ఎవరు లేసి నిలబడే పని లేదు. మంచిదే. కానీ ఆ నల్లా మీద పడి ఏడ్చిన రోజులు నేను మర్చిపోలె. శనివారం తప్పిస్తే మిగిలిన రోజులల్ల నల్లా కాడ కొట్లాట అయితుండె. నీ బిందె ముందా నా బిందె ముందా అని జుట్లు పట్టుకునేటోళ్లు, మా ఇత్తడి బిందెకు ఒక సొట్ట ఉండేది, అది మెట్ల కింది ఆమె మోచేయి చేసిన పని. శనివారాలు మాత్రం ప్రశాంతం. దేవుని పేర్ల మహిమ అనుకునేది నేను.

నిఖిల వెనక నేను అశోక్ నగర్ పోయిన. మాధవ్ వాళ్లు ఇప్పుడు అక్కడనే ఫ్లాటుల ఉంటున్నరు. ఆ సందులు చూస్తే నాకు భయం. అన్ని కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. చాయ్ బండి కాడ కూడ ఇటుకలంత పుస్తకాలు పట్టుకొని పిల్లలు నిలబడి చదువుతుంటరు. ఎనిమిదో తరగతోన్ని మొకం చూసి గుర్తుపట్టి వెనక్కి పంపుతరేమో అనిపిస్తది. స్కూటర్ మీద పోతున్నంతసేపు నేను ఒక అబద్ధం తయారు చేసుకుంట పోయిన. ఒక స్వామిని పుట్టించిన, గడ్డం పెట్టిన, ఆయనకొక గుహ ఇచ్చిన. ఆ స్వామి నర్సమ్మ పెద్దమ్మ తాతకు ఈ తిప్పుడును ఉపదేశించినట్టు కుదిర్చిన. మాధవ్ లాంటి చదువుకున్నోడు గుహ అంటె లోబడుతడని నా నమ్మకం. నిజం చెప్తే ఏమున్నది, నల్లా వచ్చింది, మా అమ్మకు తర్వాతిది రాలేదు అని. అది విన్నంక ఆ తిప్పుడును ఎవరుంచుతరు? తీసేస్తే లోకంల అమ్మ గొంతుకు మిగిలిన ఆ ఒక్క జాగ కూడ పోతది.

ప్రమీల వదిన కిటికీ కాడ కుర్చీల కూసున్నది. జుట్టంత తెల్లబడ్డది, కండ్లు మాత్రం అవే. ఏం మరిదీ, ఇంక ఉన్నవా అన్నది. మీరు పోకముందు నేనెట్ల పోత వదినా, మీకు మైకు ఎవరు పెడుతరు అన్న. నిఖిల చాయ్ తెచ్చింది. మాధవ్ నా ముందట కూసోని, ఫైలు లేకున్నా ఫైలు తెరిచినోని లెక్క మొదలుపెట్టిండు. వెయ్యి పేర్లంటె వెయ్యే కాకా, ఒకటే పేరు పదిసార్లంటె లెక్క తప్పుతది అన్నడు. దానికి నా దగ్గర స్వామి తయారున్నడు. గడ్డం సవరించి ఆయన్ను బయటికి తీద్దామనుకునే లోపల మాధవ్ గొంతు తగ్గించిండు.

"అమ్మకు మతిమరుపు కాకా. ఆ ఒక్క కాడ ఆగిపోతది, ఎవరన్న పోయి కూసుంటె గాని కదలది. డాక్టరుకు చూపించిన, గోలీలు ఏస్తున్నం. దాన్నే ఈమె పాట చేసి నలుగుర్ల పెడతనంటె, మా అమ్మ రోగాన్ని స్టేజీ ఎక్కించినట్టు కాదా?"

వాడు కొట్లాడేది లెక్క కోసం కాదు, వాళ్లమ్మ కోసం. వాడు నల్లా ఎరుగడు; ఆ టైంల దుప్పటి కింద ఉండేటోడు, లేసేటప్పటికి గుడాలు వానికి రెడీగ ఉంటుండె. వానికి వాళ్లమ్మ చేసే పని రోగం లెక్కనే కనబడుతది గదా. స్వామిని మళ్ల గుహలకు పంపిచ్చిన. నిజమే చెప్పిన. సాపలు, బుస, బిందెలు, ఒక్కొక్కరే లేసుడు, మా అమ్మ పిన్ను అరుగుడు, అంత. మతిమరుపు కాదురా, మా అమ్మ తప్పు మీ అమ్మకు అలవాటైంది, అంతే అన్న. మాధవ్ బల్ల మీది గోలీల డబ్బను పక్కకు జరిపిండు. తర్వాత వాని లోపలి ఆఫీసరు మళ్ల లేచిండు. అయితే ఇంక నయం కాకా, సత్తెమ్మకు తర్వాతిది రాక తిప్పితే, ఆ రానిదాన్ని నలభై మందితోని పాడిస్తమా అన్నడు.

అప్పుడు కిటికీ కాడికెళ్లి వదిన అడిగింది.

"ఎవరికి రాదురా?"

మేమిద్దరం అటు తిరిగినం. వదిన కండ్లద్దాలు తీసి ఒళ్లె పెట్టుకొని, మెల్లగ చెప్పుకుంట పోయింది. నిఖిల నాన పుట్టక ముందో పుట్టినంకనో, వదినకు జ్వరమొచ్చి లేవలేక వాళ్ల లోపలి అర్రల పడున్నదట. పేర్లకు పోలేకపోయిన అని ఏడుస్తుంటె, మధ్యాహ్నం మా అమ్మ పని ముగించుకొని వచ్చి గడపల కూసోని, మొదటి పేరు నుంచి ఆఖరు పేరుదాక, ఎక్కడ ఆగకుండ, బియ్యం ఏరుకుంట చెప్పిందట. పుస్తకం పట్టుకొని చదివే మాకే నడుమల తడబడేది, సత్తెమ్మత్తకు నీళ్లు తాగినట్టు వచ్చు అన్నది వదిన. మరి ఆ కాడ ఎందుకు తిప్పేది అని నేనడిగిన.

"తను సాగితే మాకు నడుమ పేర్లు పోతయి గదా. పెద్దమ్మ అన్నది, నువ్వు సాగు సత్తెమ్మా, మేము ఎట్లనో అందుకుంటం అని. వద్దు పెద్దమ్మా, మీరొచ్చేదాక ఈడనే ఉంట అన్నది."

"మరి నేను అన్నప్పుడు ఒక్కరన్న చెప్పలేదేంది వదినా? నువ్వు కూడ నవ్వితివి."

"నవ్వొచ్చింది, నవ్వినం. చెప్దామనే అనుకున్నం. మీ అమ్మే వద్దన్నది. వాడు నవ్విస్తున్నంతసేపు నల్లా కాడ కొట్లాట లేదు, వానికి చెప్పకుండ్రి అన్నది."

శనివారాల ప్రశాంతం దేవునిది కాదు, అమ్మ నాకిచ్చిన డ్యూటీ అది. లోపల ఒకతే కూసోని పేరు పట్టుకున్నది అమ్మ, బయట లైనును పట్టుకున్నది నేను, మేమిద్దరం ఒకటే పని చేస్తున్నమని నాకు తప్ప ఆ ఇంట్ల అందరికి ఎరుకే. నీళ్లు నిండినయా అని అమ్మ అడిగేది నా జోకుకు జవాబు అనుకున్న. కాదు. ఆమె నిజంగనే నీళ్లు అందరికి నిండినయా అని అడిగేది.

మాధవ్ వాళ్లమ్మను అడిగిండు, అయితే ఇప్పుడు ఇంట్ల నల్లా లేదు, లైను లేదు, నువ్వెవరి కోసం ఆగుతున్నవమ్మా అని. ఏమో బిడ్డా, ఎవరో ఒకరొచ్చి కూసుంటె సాగుదామని అన్నది వదిన. వాడు ఆమె మొకం చూడలేక చాయ్ కప్పులు ఎత్తుకొని వంటింట్లకు పోయిండు. ఆ ఆఫీసరు కప్పులెత్తుడు నేను అదే మొదటిసారి చూసుడు. తిరిగొచ్చి మాత్రం పూర్తిగ తగ్గలె. ఇంట్ల ముచ్చట వేరు, స్టేజీ వేరు, పెడితే రెండుసార్లు తిప్పి వదిలెయ్ అని బిడ్డకు చెప్పిండు. నిఖిల నన్ను తలుపు కాడ ఆపి, లైనుల ఎవరి తర్వాత ఎవరు పోయేటోళ్లు తాతా అని అడిగి తెలుసుకున్నది.

ప్రోగ్రాం నారాయణగూడల ఒక పాత కాలేజీ హాలుల. మైకు లేదు కాబట్టి ఫ్యాన్ల చప్పుడు అడ్డమని ఫ్యాన్లు కూడ బందు పెట్టిండ్రు. జనం ఆహ్వానపత్రికలతోని ఇసురుకుంటున్నరు. బయట ఫ్లైఓవర్ మీద హారన్లు. ఇంత లొల్లిల ఉత్త గొంతు ఎక్కడ వినబడుతది, ఆటోల ఒక చిన్న బాక్సన్న వేసుకొస్తె బాగుండు అనుకున్న. మొదటి వరుసల ప్రమీల వదిన, ఆమెకు ఈ పక్క నేను, నడుమ కుర్చీ మాధవ్‌ది. నలభై మంది వచ్చి నిలబడ్డరు, చేతులల్ల ఏం లేవు. నిఖిల చెయ్యి కదిలింది.

మూడో షాకు అది. కింది గొంతులు నేల నుంచి మొదలుపెట్టినయి, నా కుర్చీ కాళ్లకు తెలిసింది. వాటి మీద నడిమివి, వాటి మీద పైవి. ఒకరు పేరు మొదలుపెడితే ఇంకొకరు ముగిస్తున్నరు, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నరో పట్టుకుందామని చూసిన, దొరకలె. ఒకరు తీసుకుంటుంటె పక్కోళ్లు మోస్తున్నరు. బతుకంత డబ్బాలతోని చప్పుడు పెంచిన నాకు, పెంచకుండనే ఇంత నిండుతదని ఎవరు చెప్పలె. హారన్లు ఎప్పుడు వినబడుడు బందైనయో కూడ ఎరుక లేదు. నాకు ఆ ఇంట్ల ఎర్ర గచ్చు గుర్తొచ్చింది, తడి జుట్టు వాసన గుర్తొచ్చింది, పెద్దమ్మ తుమ్ముకు జాగ ఎక్కడ ఉన్నదా అని వెతికిన.

ఆ పేరు రాబోతున్నదనంగ మాధవ్ ఫోన్ వణికింది. హాలు దొరకక ఎవరో పెద్దమనిషి చేస్తున్నడు, ఎత్తక తప్పదు. నడుము వంచుకొని లేచి బయటికి పోయిండు. సరిగ్గ అప్పుడే స్టేజీ మీద మొదటి పిల్ల గొంతు ఆపి, పక్క మెట్లు దిగి, తలుపుల నుంచి లోపలికి పోయింది. తర్వాత ఒక పిల్లగాడు. తర్వాత ముగ్గురు. నేను చెప్పిన వరుసనే. ఒక్కొక్కరు పోతుంటె పాట సన్నబడుకుంట వచ్చి, ఆఖరికి ఒక్క పిల్ల మిగిలింది, మెడల చిన్న శిలువ గొలుసు. చర్చిల పాడి తయారైన గొంతట, వాళ్ల నాన పాలమూరు నుంచి వచ్చి మేస్త్రీ పని చేస్తడట. ఆ పిల్ల పేరు పట్టుకున్నది. చివర కొద్దిగ పైకి లేపింది. మళ్ల పట్టుకున్నది. అంత పెద్ద హాలుల ఒక్క పలుచటి గొంతు. వదిన నా చెయ్యి పట్టుకున్నది, నేనే ముందు పట్టుకున్ననేమో తెల్వదు.

పోయినోళ్లు తిరిగి రాబట్టిండ్రు. ఒకరొచ్చి ఆమె పక్కన నిలబడి అదే పేరు అందుకున్నరు, ఇంకొకరొచ్చిండ్రు, మెల్లగ స్టేజీ నిండింది. నలభై మంది ఆ పేరు మీదనే ఉన్నరు. ఇగ సాగుతరనుకున్న. సాగలె. నిఖిల చెయ్యి గుండ్రంగ తిరుగుతనే ఉన్నది, కండ్లు మాత్రం మొదటి వరుసల ఉన్నయి, నాకు వదినకు నడుమ ఖాళీ కుర్చీ మీద. మళ్ల తిప్పిండ్రు. మళ్ల. వెనక ఎవరో కుర్చీల అటిటు జరిగిండ్రు, ఎవరో దగ్గిండ్రు. ఆ శిలువ పిల్ల మొకం చెమట పట్టింది, కానీ తొందర లేదు. వదిన పెదాలు కదులుతున్నయి. నేను కూడ అంటున్ననని అప్పుడు చూసుకున్న, వెక్కిరిస్తలేను, ఉత్తగనే అంటున్న.

తలుపు కిర్రుమన్నది. మాధవ్ ఫోన్ జేబుల పెట్టుకుంట వచ్చి, నాలుగడుగులు ఏసి, నడుమల ఆగిండు. వానికి అర్థమైనట్టున్నది, కానీ నమ్మకం కుదరనట్టు కూడ ఉన్నది. మెల్లగ వచ్చి కుర్చీ పట్టుకొని, ఇంక కూసోకుండనే, నా చెవిల అడిగిండు.

"కాకా, ఎక్కడిదాక వచ్చిండ్రు?"

"నువ్వు లేచిపోయిన కాడనే ఉన్నరు."

వాడు వాళ్లమ్మను చూసిండు, స్టేజీ మీద బిడ్డను చూసిండు, కూసున్నడు. అప్పుడు తర్వాతి పేరు వచ్చింది.